బల్లమీది ఇంజను, కొండమీది ఇంజను

విశాఖపట్నమున మద్దిలపాలెము కూడలికి వచ్చు విద్యార్థులకు డీజిలు యంత్రము క్రొత్త కాదు. అచటి ఆర్.టి.సి. డిపో నుండి బయలుదేరు డీజిలు బస్సు మొదట మెల్లగా కదలును. డ్రైవరు క్లచ్చి నొక్కి, గేరు మార్చి, మరల మార్చి వేగము పెంచును. ఇదే నగరపు రేవునకు కొండలమీది నుండి ఇనుప ఖనిజమును తెచ్చిన డీజిలు రైలింజనులో మాత్రము అట్టి గేరుపెట్టె లేదు. రెంటిలోను మండునది ఒకే నూనె. మరి ఈ భేదము ఎందుకు వచ్చినది? దీనికి సమాధానము ఆ ఇంజను చరిత్రలో ఉన్నది. ఆ చరిత్రను తరగతిలో చెప్పుటకు కొలత ప్రకారము చేసిన చిన్న నమూనా మంచి సాధనము. అయితే అది కొన్ని సంగతులను ఉన్నవున్నట్లు చెప్పును; ఒక ముఖ్యమైన సంగతిని మాత్రము దాచును.

జర్మనీ దేశపు ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్ 1892లో తన యంత్రమునకు పేటెంటు కోరినాడు. 1897లో ఆగ్స్‌బర్గు నగరమున పరీక్షించిన అతని యంత్రము ఇంధనములోని ఉష్ణశక్తిలో నాలుగవ వంతును పనిగా మార్చినది. ఆనాటి ఆవిరి రైలింజను పదవ వంతునైనను మార్చలేకపోయెడిది. ఇంత లాభమున్నను డీజిలు యంత్రము రైలుపట్టాలపై స్థిరపడుటకు చాలకాలము పట్టినది.

కారణమేమనగా, ఆవిరి ఇంజను నిలిచియున్నపుడే సిలిండరులోనికి ఆవిరిని వదలి ముషలకమును నెట్టవచ్చును. డీజిలు యంత్రము అట్లు కాదు. అది తిరుగుచున్నపుడే బలమునిచ్చును. బస్సులో క్లచ్చి, గేర్లు ఈ చిక్కును తీర్చును. కాని వేల అశ్వశక్తులను రాపిడి పలకల ద్వారా చక్రములకు అందించబోయిన, బరువైన బండి కదలకముందే ఆ పలకలు మాడిపోవును. అందుచేత ఇంజనీర్లు వేరొక మార్గము పట్టిరి. డీజిలు యంత్రము డైనమోను త్రిప్పును. డైనమో పుట్టించిన విద్యుత్తు ఇరుసుల వద్దనున్న మోటార్లను నడుపును. ఈ మోటార్లు బండి కదలబోవు క్షణముననే అత్యధికమైన మెలిబలమును ఇచ్చును. డీజిలు రైలింజను అనగా పట్టాలపై నడచు చిన్న విద్యుత్కేంద్రమే.

భారతీయ రైల్వేలు 1957లో అమెరికాకు చెందిన ఆల్కో సంస్థ నుండి 100 పెద్ద డీజిలు ఇంజనులను తెప్పింప నారంభించినవి. 1962లో అదే సంస్థ నుండి మరింత బలమైన ఇంజను వచ్చినది. దాని పేరు డబ్ల్యు.డి.ఎం.-2. ఈ పేరులో మొదటి అక్షరము బ్రాడ్‌గేజిని, రెండవది డీజిలును, మూడవది సామాను బండ్లకును ప్రయాణికుల బండ్లకును పనికివచ్చుటను తెలుపును. దాని శక్తి 2,600 అశ్వశక్తులు, బరువు 112.8 టన్నులు, సిలిండర్లు 16, ఇరుసులు ఆరు, ప్రతి ఇరుసునకు ఒక మోటారు. వారణాసిలో నెలకొల్పిన కర్మాగారము నుండి 1964 జనవరిలో ఈ తరగతి ఇంజను మొదటిది వెలువడినది. 1969లో ఆల్కో సంస్థ రైలింజనుల తయారీని మానుకొన్నది. కాని దాని వద్ద నేర్చిన విద్య వారణాసిలో ఆగలేదు. 1990వ దశకము చివరివరకు ఈ తరగతి ఇంజనులు 2,700కు పైగా తయారైనవి.

ఈ కాలముననే విశాఖపట్నమునకు ఒక కొండదారి ఏర్పడుచున్నది. బస్తరు ప్రాంతపు బైలదిల్లా కొండలలోని ఇనుప ఖనిజమును జపానుకు పంపుటకు 1960లో ఒప్పందము కుదిరినది. ఖనిజము ఓడనెక్కవలెనన్న ముందు తూర్పు కనుమలను దాటవలెను. అందుకై కొత్తవలస నుండి కిరండూల్ వరకు సుమారు 445 కిలోమీటర్ల రైలుమార్గము వేసిరి. కొండలను తొలిచి 58 సొరంగములు నిర్మించిరి. ఈ మార్గమున శిమిలిగూడ స్టేషను సముద్రమట్టమునకు సుమారు 996 మీటర్ల ఎత్తున ఉన్నది. 1965లో విశాఖపట్నమున డీజిలు షెడ్డు ఏర్పడినది. 1968 నాటికి బైలదిల్లా ఖనిజము ఈ దారిన రేవునకు చేరసాగినది.

ఇట్టి మార్గమునకు డీజిలు ఇంజను తగినదగుటకు మరియొక కారణము కలదు. ఆవిరి ఇంజనులను రెండుమూడు కలిపినచో ప్రతిదానికి వేరుగా సిబ్బంది కావలెను. డీజిలు ఇంజనులను తీగలతో కలిపిన, ముందున్న ఇంజనులోని ఒక్క డ్రైవరే అన్నిటిని ఒక్కటిగా నడుపగలడు.

ఇపుడు ఈ ఇంజనుకు 87వ వంతు కొలతలో నమూనా చేసినారనుకొందము. ప్రపంచమున రైలు నమూనాలు చేయువారిలో ఎక్కువమంది వాడు కొలత ఇదే. 17.12 మీటర్ల ఇంజను 197 మిల్లీమీటర్లగును. 1,676 మిల్లీమీటర్ల మన బ్రాడ్‌గేజి 19.3 మిల్లీమీటర్లగును. ఈ కొలతలో బజారున దొరకు పట్టాల వెడల్పు 16.5 మిల్లీమీటర్లే, అది 1,435 మిల్లీమీటర్ల విదేశీ గేజికి సరిపోవును. దానిపై నిలిపిన మన ఇంజను కొంత ఇరుకు కాళ్లపై నిలిచినట్లుండును.

పొడవు 87వ వంతైనపుడు ఘనపరిమాణము 87 × 87 × 87, అనగా 6,58,503వ వంతగును. అవే లోహములతో అన్ని భాగములను అచ్చుగా చేసినచో నమూనా బరువు 171 గ్రాములే. 5,000 లీటర్ల నూనె తొట్టిలో ఒకటిన్నర చెంచాల నూనె పట్టును. పొడవులతోపాటు బలములు సమముగా తగ్గవని గెలీలియో 1638లోనే తన గ్రంథమున వివరించినాడు.

అయితే వాలు మాత్రము మారదు. కొత్తవలస మార్గపు కనుమలలో 60 మీటర్ల దూరమునకు 1 మీటరు ఎత్తు మారును. నమూనాలోను 60 సెంటీమీటర్లకు 1 సెంటీమీటరు ఎత్తు పెట్టవలెను. బండి బరువులో 60వ వంతు బలము దానిని క్రిందికి లాగునన్న సత్యము రెంటికిని ఒక్కటే.

నమూనా దాచు సంగతి వేడిమి. 3,000 టన్నుల ఖనిజపు బండి శిమిలిగూడ నుండి కొత్తవలసకు వచ్చుటలో 900 మీటర్లు దిగినదనుకొందము. అది విడుచు శక్తి సుమారు 7,350 యూనిట్ల విద్యుత్తునకు సమానము. ఆ శక్తితో 30 డిగ్రీల వేడిగల 90 టన్నుల నీటిని మరుగు స్థితికి తేవచ్చును. బండి వేగము పెరుగకుండవలెనన్న ఆ శక్తియంతయు వేడిమిగా పోవలెను. అంతటిని బ్రేకు దిమ్మలపై మోపిన అవి కాలి, పట్టు తప్పును. బండి డ్రైవరు చేతిలో ఉండదు. అందుకే డైనమిక్ బ్రేకు పుట్టినది. దిగునపుడు చక్రములే మోటార్లను త్రిప్పును. మోటార్లు డైనమోలుగా మారి చక్రములను నిరోధించును. పుట్టిన విద్యుత్తు నిరోధక పట్టీలలో వేడిమియై గాలిలో కలియును.

అదే బండికి నమూనా చేసినచో బరువు సుమారు 4.6 కిలోలు; దిగు ఎత్తు 10.3 మీటర్లు. అది విడుచు శక్తి 100 మిల్లీలీటర్ల నీటిని ఒక్క డిగ్రీకి కొంచెము మించి వేడిచేయును. నమూనా బ్రేకు వ్రేలికి వెచ్చగానైనను తగులదు. బల్లమీద క్షేమముగా దిగిన బండి కొండమీద క్షేమముగా దిగునని తలచుట పొరపాటు.

1980–82 ప్రాంతమున ఈ మార్గమున విద్యుత్తు తీగలు వేసిరి. ఖనిజపు బండ్ల భారము క్రమముగా విద్యుత్ ఇంజనుల మీదికి పోయినది. ఇంజను లోపల విద్యుత్తు పుట్టించు పని తీగలకు మారినది. ఇరుసుల వద్ద త్రిప్పునది మాత్రము నేటికిని మోటారే.

ఉపాధ్యాయులు విద్యార్థులచే అట్టముక్కలతోనైనను ఇట్టి నమూనా చేయించి, 60కి 1 వాలుగల పలకపై నిలిపి, బరువును కొలిపించవచ్చును. ఆపైన కాగితము తీసికొని దిగు బండి వేడిమిని లెక్కకట్టించవలెను. కంటికి కనబడునది నమూనా చూపును. కనబడనిదానిని గణితము చూపును.