లాకుల్లేని కాలవ

మంట దగ్గరికి జరగండ్రా, ధనుర్మాసం చలి ఊరికే పోదు. సరంగు తాత సంగతేగా మీరు అడుగుతున్నది? మొన్న కార్తీకంలో పోయాడు. నాకంటే కొంచెం పెద్దవాడే గానీ చచ్చేదాకా మేమిద్దరం ఒకళ్లనొకళ్లం 'ఒరేయ్' అనే పిలుచుకున్నాం.

అసలు సరంగు వాళ్ల నాన్న. ఆయనది గోదావరి కాలవ మీద తిరిగే రాదారి పడవ. విజ్జేశ్వరం, నిడదవోలు, తాడేపల్లిగూడెం, అక్కణ్ణించి ఏలూరు. ఏలూర్లో గోదావరి నీళ్లూ కృష్ణ నీళ్లూ కలుస్తాయి, ఆపైన బెజవాడ దారి. బియ్యం బస్తాలూ, కొబ్బరికాయలూ, పెళ్లివాళ్లూ అందరూ పడవలోనే. సాయంత్రం గూడెంలో ఎక్కి పడుకుంటే పొద్దెక్కేసరికి ఏలూరు.

వీడు చిన్నతనంలోనే తండ్రి పడవలో కళాసీ. గాలి కలిసొస్తే తెరచాప, లేకపోతే గట్టున తాడు భుజానేసుకుని లాగుడే. ఎదురుగా ఇంకో పడవ వస్తే ఒకళ్లు తాడు వదులు చేసి నీళ్లలోకి దించాలి, రెండోవాళ్లు దాని మీంచి పోవాలి. ఎవరు దించాలన్న దగ్గరే తిట్లన్నీ పుట్టేవి! నాకు తెలిసిన తిట్లలో సగం ఆ గట్టు మీద నేర్చుకున్నవే, మీ అమ్మమ్మకి చెప్పకండి. వంతెన వస్తోందంటే తెరచాప కొయ్య దించాలి. లాకులోకి వెళ్లాక వెనక తలుపులు మూసి నీళ్లు వదులుతుంటే, గోడ మీద నాచు తడి చూసి ఇంకెంత దిగాలో చెప్పేసేవాడు వీడు. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు మాత్రం ఒట్టి కాలవలో పిచ్చుకగూళ్లు కట్టుకుంటూ తిరిగేవాళ్లం.

తర్వాత రోడ్లు పడ్డాయి, లారీలొచ్చాయి. పడవ మీద కూడు పుట్టడం మానేసింది. వీడు విశాఖపట్నం పోయి సరుకు ఓడలో కళాసీగా చేరాడు.

మొదటి సెలవుకి వచ్చినప్పుడు ఊరంతా చుట్టూ మూగారు. ఏవేం చూశావురా అంటే లండనూ చెప్పలేదు, దొరసానుల సంగతీ చెప్పలేదు. "సూయెజ్ కాలవ చూశానురా. అంత పేరుమోసిన కాలవ, ఈ చివర్నుంచి ఆ చివరికి ఒక్క లాకు లేదు! అదేం కాలవ?" అన్నాడు. నిజమేనట, అక్కడ అటు సముద్రం, ఇటు సముద్రం, మధ్యలో లాకుతో పనిలేదు. వీడికి మాత్రం అది లోటుగానే కనిపించింది. పైగా, కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852కే పూర్తయింది, సూయెజ్ తెరిచింది 1869లో, కాబట్టి మనమే పెద్దవాళ్లం అని వాదన. ఓడ మీద పై అధికారులతో కూడా ఇదే వాదించేవాడంటే నేను నమ్ముతాను.

ఆ సూయెజ్ 1967 యుద్ధంలో మూతపడి 1975 దాకా తెరుచుకోలేదు. ఓడలన్నీ ఆఫ్రికా చుట్టూ తిరిగి పోవాల్సిందే. 1971 డిసెంబర్లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ బయట మునిగినప్పుడు వీడి ఓడ ఎక్కడుందో ఎవరికీ తెలీదు. వాళ్లమ్మ కొల్లేటికోట పెద్దింట్లమ్మకి మొక్కుకుంది. వీడు ఆఫ్రికా కొసన క్షేమంగా ఉన్నాడని తర్వాత ఉత్తరం వచ్చింది.

మొక్కు తీర్చడానికి ఫాల్గుణ మాసపు జాతరకి వెళ్లాం. లంక గ్రామం కుర్రాడొకడు సంగడి తెచ్చాడు, రెండు తాటిదోనెలు కలిపి కట్టింది. కొల్లేట్లో నీళ్లు నడుము లోతు కూడా లేవు. సగం దూరం పోయామో లేదో గాలి తిరిగింది. లోతు లేని నీళ్లలో లేచే అల పొట్టిగా, దగ్గర దగ్గరగా వచ్చి దోనెలోకి దూకుతుంది. మహా సముద్రాలు దాటినవాడు రెండు చేతులతో తాటిమొద్దు పట్టుకుని కూర్చున్నాడు! ఆ కుర్రాడు గెడ వేసి నింపాదిగా కిక్కిస పొదల చాటుకి తోశాడు. గాలి తగ్గేదాకా అక్కడే ఉన్నాం, గూడబాతులు మమ్మల్ని చూస్తూ. దిగాక వీడు ఆ కుర్రాడి చెయ్యి పట్టుకుని, "సరంగువి నువ్వురా" అన్నాడు. అప్పటిదాకా తండ్రిని తప్ప ఎవర్నీ ఆ మాట అనగా నేను వినలేదు. తనని ఊళ్లో అందరూ సరంగు అంటుంటే సిగ్గుపడేవాడు, "నేను కళాసీనే" అనేవాడు.

ఉద్యోగం అయిపోయాక గూడెంలోనే ఉన్నాడు, కాలవ గట్టుకి దగ్గరగా. 2008లో కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా కాలవల్ని జాతీయ జలమార్గం చేశారని పేపర్లో వేశారు. మన ఏలూరు కాలవ కూడా అందులో ఉంది. పేపరు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "కళాసీల్ని ఎప్పుడు తీసుకుంటార్రా?" అని. అప్పటికి డెబ్బై ఏళ్ల ముసలాడు.

"ఒరేయ్, గూడెం నుంచి ఏలూరు దాకా వంతెనలు చూశావా? తలెత్తితే తగులుతాయి. కొయ్య దించినా పడవ పట్టదు" అన్నాను.

కాసేపు ఆలోచించాడు. "అయితే వంతెనలు ఎత్తమను" అన్నాడు.