హాలేలో తెలుగు అచ్చు, బాఖ్ కొడుకు ఆర్గన్

తెలుగు ముద్రణ చరిత్ర రాసేవాళ్లు మొదలుపెట్టేది జర్మనీలోని హాలే పట్టణంతోనే. మద్రాసులో తెలుగు నేర్చుకున్న బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ 1743లో స్వదేశానికి తిరిగి వెళ్లాడు. ఫ్రాంకె అనాథాశ్రమం ప్రాంగణంలో 1746లో క్రైస్తవ ప్రశ్నోత్తరాల చిన్న పుస్తకాన్ని తెలుగులో అచ్చు వేయించాడు. అదే ఏడాది, అదే ఊళ్లో, మార్కెట్ చర్చికి కొత్త ఆర్గన్ విద్వాంసుడు వచ్చాడు. ఆయన యోహాన్ సెబాస్టియన్ బాఖ్ పెద్దకొడుకు విల్‌హెల్మ్ ఫ్రీడెమాన్. స్వరకర్త హాండెల్ పుట్టింది కూడా ఆ ఊళ్లోనే, 1685లో. ఆయన సంగీతం నేర్చుకున్నది ఆ చర్చి ఆర్గన్ దగ్గరే. ఈ సంగతులను ఒకచోట పెట్టి చెప్పినవాళ్లు మన దగ్గర తక్కువ.

బాఖ్, హాండెల్ లాంటివాళ్లు రాసిన, సుమారు 1600 నుంచి 1750 దాకా ఐరోపాలో సాగిన సంగీతాన్ని బరోక్ అంటారు. ఇప్పుడు టికెట్టు కొని, దగ్గు కూడా ఆపుకుని వినే సంగీతం అది. పుట్టినప్పుడు అందులో చాలా భాగం పండుగ కొలువు. ఫ్రీడెమాన్ ఉద్యోగ షరతులే చూడండి: పెద్ద పండుగలన్నిటికీ, మూడు వారాలకో ఆదివారం, గాయకులతో వాద్యాలతో కచేరీ నడిపించాలి.

తండ్రి బాఖ్‌కు లైప్జిగ్‌లో ఇంతకన్నా గట్టి కొలువు. దాదాపు ప్రతి ఆదివారం సంగీతం సిద్ధంగా ఉండాలి. అయితే క్రిస్మస్ ముందరి మూడు ఆదివారాలు, ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస దినాలు మాత్రం మౌనం. మనకు ఆషాఢంలో పెళ్లి బాజాలు ఆగినట్టే అక్కడా వాద్యాలు ఆగిపోయేవి. ఆ విరామంలోనే బాఖ్ పండుగ పని పెట్టుకునేవాడు. 1734 క్రిస్మస్‌కు రాసిన ఒరేటోరియో అనే పెద్ద గానరచనలో ఆరు భాగాలున్నాయి. డిసెంబరు 25, 26, 27, జనవరి 1, 2, 6 తేదీల్లో రోజుకొకటి వినిపించారు. వారాల మౌనం తర్వాత మొదటి భాగం ఎత్తుకునేది డోళ్లు. తర్వాత బూరలు, ఆపైన గొంతులు. తమాషా ఏమిటంటే ఆ ఎత్తుగడ బాణీ అంతకుముందు ఏడాది మహారాణి పుట్టినరోజుకు కట్టింది. మాటలు మార్చి బాలయేసుకు వాడాడు. ఒక బాణీ ఇన్ని పనులకు రావడం బతుకమ్మ పాటలు పాడే ఊళ్లో ఎవరికీ వింత కాదు.

మార్కెట్ చర్చి కొలువు నిజానికి తండ్రి బాఖ్‌కే ముందు వచ్చింది. 1713లో పిలిస్తే ఆయన వద్దన్నాడు. 1716లో కొత్త ఆర్గన్‌ను పరీక్షించడానికి మాత్రం వచ్చాడు. ఆనాటి విందు జాబితా ఇప్పటికీ ఉంది: గొడ్డుమాంసం, చేప, పంది తొడ, బఠాణీలు, పాలకూర, వేయించిన గొర్రెమాంసం, ఉడికించిన గుమ్మడికాయ, నిమ్మతొక్కల మురబ్బా, ముల్లంగి, వెన్న. పరీక్షకుల తీర్పు మీద భోజనం ప్రభావం ఎంతో ఊహించుకోవచ్చు.

హాండెల్ ఒరేటోరియో 'మెస్సయా' ఇప్పుడు క్రిస్మస్ సరుకైంది గానీ, తొలిసారి వినిపించింది 1742 ఏప్రిల్ 13న డబ్లిన్‌లో, ఈస్టర్ ముందర. వచ్చిన డబ్బులో ఒక వాటా అప్పులపాలై జైళ్లలో ఉన్నవాళ్లను విడిపించడానికి వెళ్లింది. వివాల్దీ 'నాలుగు ఋతువులు' 1725లో అచ్చయింది. అందులో శరత్తు చర్చి పండుగ కాదు, కోతల పండుగ. రైతులు పంట ఇంటికొచ్చిందని ఆడి, తాగి, తూలి, నిద్రపోతారు. తూలడం వయొలిన్‌లో వినిపిస్తుంది. వానాకాలం వడ్లు కోసిన మన నల్లగొండ జిల్లా హాలియా రైతుకు ఆ భాగానికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

మరి ఈ సంగీతం మన దగ్గరికి రాలేదా? 1890లో నల్లగొండలో మిషను పెట్టిన అబ్రహాం ఫ్రీసెన్ రష్యా నుంచి వచ్చిన జర్మన్ భాషీయుడు. బాఖ్ తన రచనల్లో పొదిగిన పాత జర్మన్ కీర్తనల సంప్రదాయం ఆయన సంఘానికి పరాయిది కాదు. అయినా తెలుగు చర్చి పండుగ పాట ఆ దారిన పోలేదు. పురుషోత్తమ చౌదరి (1803-1890) వంటివాళ్లు అప్పటికే రాగతాళాలతో కీర్తనలు కట్టారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట నెత్తిన రాగం పేరు ఉంటుంది, తాళం పేరు ఉంటుంది. డిసెంబరు రాత్రుల్లో హాలియా చుట్టుపక్కల ఇంటింటికీ తిరిగే పిల్లల చేతుల్లో ఉండేది డప్పు, డోలక్. నా మటుకు నాకు బాఖ్ చేసిన పనికి ఇదే దగ్గర చుట్టం. జనం నోళ్లలో ఉన్న బాణీని పండుగకు తెచ్చుకోవడమే ఆయనా చేసింది.

హాలేలో హాండెల్ ఉత్సవాలు ఏటా మే నెలాఖరు, జూన్ రోజుల్లో జరుగుతాయి. ఇక్కడ రోహిణి కార్తె పోయి మృగశిర వచ్చే వేళ అది. జర్మనీలో ఉన్న మన పిల్లలు ఎవరైనా వెళితే మార్కెట్ చర్చి చూసి ఆగిపోవద్దు. ఫ్రాంకె ప్రాంగణం అక్కడి నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంది.