చింతాద్రిపేట స్టేషను – సుంకువారి తోట

మద్రాసులో తెలుగువారి పూర్వ నివాసాలను గూర్చి విచారించేటప్పుడు మేము సాధారణంగా జార్జిటౌనుతో ఆరంభిస్తాము. ఈసారి ఒక రైలు స్టేషను మెట్ల దగ్గర ఆరంభిస్తున్నాము.

బీచి స్టేషనునుంచి చేపాక్కం దాకా నగర రైలు 1995లో నడిచింది. 1997లో మైలాపూరుకు, 2007లో వేళచ్చేరికి పొడిగించారు. ఈ దారిలో కూవం నది ఒడ్డున స్తంభాలమీద నిలిచిన స్టేషను చింతాద్రిపేట. బీచి వైపు నాలుగో లైను పనులవల్ల 2023 ఆగస్టు నుంచి 2024 అక్టోబరు దాకా బళ్లు ఇక్కడినుంచే బయలుదేరాయి. ఆ పద్నాలుగు నెలలూ ఊరివారందరి నోటా ఈ పేటపేరు మెదిలింది.

ఆ పేరే మొదటి చిక్కు. తెలుగులో 'చింతాద్రి' అని రాయగానే ఏదో కొండ ఉన్నట్టు తోస్తుంది. ఇక్కడ కొండా లేదు, గుట్టా లేదు. అది 'చిన్న తరి పేట'. తరి అంటే తమిళంలో మగ్గం. 'చిన్న' మాట ఉభయులదీ. కనుక ఈ పేరును మనదిగా చెప్పుకోవడం సాహసమే అవుతుంది.

1734లో గవర్నరు జార్జి మోర్టన్ పిట్ కాలంలో, బట్టల సరఫరా కోటకు దగ్గరలోనే ఉండాలని కంపెనీవారు నదివంపులోని ఒక తోటలో నేతగాళ్లను, నూలు వడికేవారిని, గుడ్డలపై చిత్రించేవారిని కుదిర్చారు. ఆ తోట సుంకురామ చెట్టిది. ఆయన కంపెనీ ప్రధాన వర్తకుడుగా వెలిగి, ఆ పదవి పోగొట్టుకున్నవాడు. పదవితోపాటు తోటా పోయింది. సుంకు అనే ఇంటిపేరు తెలుగునాట నేటికీ వినిపిస్తుంది.

పేటలో ఇప్పటికీ 'సుంగువార్ అగ్రహారం' వీధి ఉంది. ఆ 'వార్'ను మేము మన 'వారు'గానే చదువుతున్నాము: సుంకువారి అగ్రహారం. తమిళ ఉచ్చారణలో కకారం గకారమైంది, అంతే. తోట లాక్కున్నా యజమాని ఇంటిపేరు గౌరవవాచకంతో సహా నిలిచింది. మగ్గాల ముందు కూర్చున్నవారి పేర్లు మాత్రం మాకు ఏ వీధిపలక మీదా కనబడలేదు. వారిలో తెలుగువారెందరో, తమిళులెందరో ఈ పలకలు చెప్పవు. వర్తకుల చరిత్రనే సమాజ చరిత్ర అనుకునే అలవాటు మా రచనల్లోనూ లేకపోలేదు.

బండి ఎక్కి చేపాక్కం దాటితే స్తంభాలు బకింగ్‌హాం కాలువ వెంట సాగుతాయి. కూవాన్ని అడయారుతో కలిపే భాగాన్ని 1877–78లో కరువు బాధితులచేత తవ్వించారు. కృష్ణా కాలువలతో కలిసిన ఈ జలమార్గంలో ఒకప్పుడు కోస్తా సరుకు పడవలమీద మద్రాసు చేరేది. ఇప్పుడక్కడ నల్లని మురుగునీరు. రైలు కిటికీలోంచి చూసేవారికి అది కాలువ అని ఎవరైనా చెప్పాలి.