లెక్కల గాదెలు - నివేదికా సాధనములు



లెక్క వ్రాయుట వేఱు, లెక్క చెప్పుట వేఱు. చిట్టాలో ఏనాటి జమాఖర్చు లానాటివిగా వరుసన నుండును. ఆవర్జాలో నవియే పద్దులవారీగా విడదీయబడును. కాని యజమాని "గడచిన మూడేండ్లలో మిరప వలన మిగిలిన దెంత?" యని యడిగినచో, ఆ ప్రశ్నకు దగిన పట్టిక మఱియొకటి కట్టవలసియుండును. కంప్యూటరు యుగమున నీ పట్టికలు గట్టు సాధనములు ఎట్లు పుట్టినవో, వాని తారతమ్య మెట్టిదో నేడు విన్నవించెదను.

ఐ.బి.ఎం. అను అమెరికా సంస్థలో బనిచేసిన హాన్స్ పీటర్ లూన్ 1958లో 'బిజినెస్ ఇంటెలిజెన్స్' వ్యవస్థను గూర్చి యొక వ్యాసము ప్రకటించెను. కాగితముల సారమును యంత్రమే సంగ్రహించి, ఎవరికి గావలసినది వారికి జేర్చవలెనని యాతని తలంపు. 1970లో ఆ సంస్థయందలి ఎడ్గర్ కాడ్ సమాచారమును పట్టికలుగా నమర్చు విధానమును ప్రతిపాదించెను.

అయినను ఒక చిక్కు మిగిలినది. బేరము జరుగుచుండగా గుమాస్తాను పిలిచి పాత లెక్కలు తిరుగవేయుమన్నచో బేరము నిలిచిపోవును గదా! కావున దినచర్య లెక్కలు వేఱుగను, విచారణకు దగిన లెక్కల గాదె వేఱుగను ఉండవలెనని పెద్దలు నిశ్చయించిరి. దీనినే డేటా వేర్‌హౌసు అందురు. 1988లో డెవ్లిన్, మర్ఫీ అనువారు దీని స్వరూపమును వివరించిరి. 1992లో బిల్ ఇన్మన్ గ్రంథము వ్రాసి, ఇందలి సమాచారము విషయానుసారముగను, ఏకరీతిగను, కాలసూచకముగను, చెరుపరానిదిగను ఉండవలెనని లక్షణము చెప్పెను. 1996లో రాల్ఫ్ కింబాల్ నడుమ కొలతల పట్టికను, దాని చుట్టును కాలము, స్థలము, సరుకు మున్నగువాని పట్టికలను నిలుపు నక్షత్రాకార పద్ధతిని బోధించెను.

గాదె నిండినంతమాత్రమున కడుపు నిండదు. కొలిచి తీయు సాధనము గావలెను. అట్టి సాధనములు ముఖ్యముగా నాలుగు తెఱగులు.

మొదటిది క్రిస్టల్ రిపోర్ట్స్ వంటిది. ఇది అచ్చుదిమ్మె వంటిది. నెలనెలా నొకే రూపమున పట్టిక నిచ్చును. క్రొత్త ప్రశ్న పుట్టినచో మరల నిపుణుని బిలువవలెను. రెండవది 1990లో ఫ్రాన్సు దేశమున స్థాపింపబడిన బిజినెస్ ఆబ్జెక్ట్స్ వారిది. ఇది గాదెలోని గూఢనామములకు వర్తకు డెఱిగిన మాటలను జోడించి, ఆతడే ప్రశ్నించుటకు వీలు గల్పించెను. మూడవది కెనడా దేశపు కాగ్నాస్ వారి పవర్‌ప్లే వంటిది. ఇది మొత్తములను ముందే కట్టియుంచును గనుక ఏడాదినుండి నెలకు, నెలనుండి దినమునకు శీఘ్రముగా దిగవచ్చును. ముందుగా నూహింపని ప్రశ్నకు మాత్ర మది మూగబోవును. నాలుగవది స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధననుండి 2003లో వెలువడిన టాబ్లో, 2015లో మైక్రోసాఫ్ట్ వారు విడుదలచేసిన పవర్ బి.ఐ. వంటివి. ఇవి అంకెలను చిత్రములుగా జూపును. పండితుడు గానివాడును వీనిని త్రిప్పి చూడగలడు.

2007లో నొక్క యేడాదిలోనే హైపీరియన్‌ను ఒరాకిల్ వారు కొనగా, బిజినెస్ ఆబ్జెక్ట్స్‌ను కొనుటకు శాప్ వారును, కాగ్నాస్‌ను కొనుటకు ఐ.బి.ఎం. వారును ఒడంబడికలు చేసికొనిరి. 2019లో టాబ్లో సేల్స్‌ఫోర్స్ వారి వశమయ్యెను. కొలపాత్రల యజమానులు మాఱుచుందురు. గాదెను శుభ్రముగా నుంచుకొన్నవానికి భయము లేదు.

అసలు ప్రమాదము వేఱొకటి కలదు. ఎవరికి వారు పట్టికలు గట్టుట సులభమైన కొలది, ఒక గాదెనుండియే రెండు మొత్తములు బయలుదేఱెను. ఒకరు తిరిగివచ్చిన సరుకును అమ్మకములనుండి తీసివేయుదురు, మఱియొకరు తీసివేయరు. ఇరువురి కూడికలును సరియైనవే, సభలో తగవు మాత్రము తెగదు. ఈ దోషము సాధనమునది గాదు, 'అమ్మక'మను మాటకు ముందుగా నొక యర్థము నిర్ణయింపకపోవుటది.

కావున సాధనముల నెంచువాడు వన్నెచిన్నెలు చూడక మూడు సంగతులు విచారింపవలెను. ప్రశ్నించువాడు స్వయముగా ప్రశ్నింపగలడా? మాటల యర్థములు ఒక్కచోట వ్రాయబడియున్నవా? మొత్తమునుండి మూలపు పద్దుకు దిగివచ్చుటకు దారి కలదా? ఈ మూడవది లేని నివేదిక యెంత సొగసైనదైనను నమ్మదగినది గాదు.

నీరు, పంట, సహాయము మున్నగువానిని గూర్చిన పట్టికలు మీ గ్రామమునకును వచ్చుచుండును. "ఈ యంకె యే పద్దునుండి వచ్చినది?" యని యడుగుటకు సంకోచింపకుడు. ఆ ప్రశ్న యడుగ నేర్చినవానిని యే యంత్రమును మోసగింపజాలదు.

సెలవు.