మిడి వైరులో వడపోత

కాగజ్‌నగర్‌లో వినాయక చవితి మండపానికైనా, పెళ్లి రిసెప్షన్‌కైనా ఆర్కెస్ట్రా దిగిందంటే కీబోర్డు పక్కన ప్యాడ్ ఉండాల్సిందే. ఈ ప్యాడ్‌లకు పెద్దన్న 1985లో రోలండ్ తెచ్చిన ఆక్టాప్యాడ్. దానికి సొంత గొంతు లేదు. ఎనిమిది రబ్బరు పలకల మీద పడ్డ కర్రదెబ్బను అంకెలుగా మార్చి, వాయిద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మిడి వైరులోకి పంపడమే దాని పని, మోగేది వేరే పెట్టె. వాయించే చెయ్యి ఒకచోట, మోగే గొంతు మరోచోట అయ్యాక ఏ సందేశం ఎటు పోవాలి, ఏది మధ్యలో ఆగిపోవాలి అన్న పంచాయితీ తప్పదు. ఈ వడపోత కంప్యూటర్లు వచ్చాక తగిలించిన హంగు అని చాలామంది అనుకుంటారు. నిజానికి అది మిడితోపాటే పుట్టింది.

డేవ్ స్మిత్, చెట్ వుడ్ 1981లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ ముందు అన్ని సింథసైజర్లకూ పనికొచ్చే ఉమ్మడి పద్ధతిని ప్రతిపాదించారు, మిడికి మూలం అదే. జపాన్‌లో రోలండ్ అధిపతి ఇకుతారో కకెహాషి అదే పట్టుదలతో ఉన్నారు. 1983 జనవరిలో నామ్ సంగీత వాయిద్యాల ప్రదర్శనలో ప్రాఫెట్-600, జూపిటర్-6 సింథసైజర్లు ఒకే వైరుతో మాట్లాడుకున్నాయి. చవకగా ఉండాలని వేగం సెకనుకు 31,250 బిట్ల దగ్గర ఆపారు. మూడు బైట్ల స్వర సందేశం ఒకటి చేరడానికి దాదాపు ఒక మిల్లీసెకను. పైగా ‘త్రూ’ రంధ్రం వచ్చినదాన్ని వచ్చినట్టే తర్వాతి వాయిద్యానికి దాటిస్తుంది, అంటే అందరి మాటా అందరికీ వినిపిస్తుంది. అందుకే మొదటి బైటులోనే చానెల్ నంబరు కుట్టేశారు. 144 వస్తే ఒకటో చానెల్లో స్వరం నొక్కారని, 153 వస్తే పదో చానెల్లో నొక్కారని అర్థం. తన చానెల్ కానిదాన్ని వాయిద్యం వదిలేస్తుంది. తొలి వడపోత ఇదే. తర్వాత వచ్చిన పెట్టెలూ సాఫ్ట్‌వేర్లూ ఈ నంబరును మార్చడం, కొన్ని రకాల సందేశాలను ఆపడం అనే పనినే పెంచి పెద్దచేశాయి. మీట మీద వేలి ఒత్తిడిని ఎడతెగకుండా పంపే ఆఫ్టర్‌టచ్‌నే చూడండి. అవతలి వాయిద్యం దాన్ని వాడుకోకపోయినా వైరును అది నింపేస్తుంది, స్వరాలు ఆలస్యమవుతాయి.

యూఎస్‌బీ వచ్చాక ఇరుకెక్కడిది, వడపోతెందుకు అని అడగొచ్చు. ఇరుకు గురించి ఆ మాట సబబే. అయితే వేగం పెరిగినంత మాత్రాన తికమక తగ్గదు. పెడల్ తొక్కితే వెళ్లే 64వ కంట్రోలర్ సందేశం పియానోకు అవసరం, అదే చానెల్లో కలిపి మోగిస్తున్న బేస్ గిటార్ గొంతుకు చేరితే స్వరాలు ఒకదాని మీద ఒకటి సాగి ముద్దైపోతాయి. ఎంత వేగమైన వైరైనా పెడల్ ఎవరికోసం తొక్కారో చెప్పలేదు. 2020లో వచ్చిన మిడి 2.0 కూడా చానెళ్లను తీసేయలేదు, పదహారు గుంపులు చేసి 256కు పెంచింది. కాబట్టి ప్రోగ్రాం మధ్యలో ప్యాడ్ కొడితే పియానో మోగిందనుకోండి, వైరు మార్చే ముందు చానెల్ నంబరు చూడండి.