రేసింగ్ సిమ్యులేటర్: ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డుల పని విభజన చరిత్ర

పరిచయం

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఇ విద్యుత్ కార్ల పోటీ జరిగింది. నగర వీధులనే ట్రాకుగా మార్చే ఇటువంటి పోటీలలో డ్రైవర్లకు ఆ దారి మీద సాధన చేసే వీలు ముందుగా దొరకదు. అందువల్ల వారు సిమ్యులేటరులో ఆ మలుపులు నేర్చుకొని వస్తారు. దాని చిన్న రూపాన్ని బద్వేలులో మీరు మీ ఇంటి కంప్యూటరులోనూ నడపవచ్చు. అయితే మలుపు దగ్గర తెర మీది బొమ్మ ఒక్క క్షణం ఆగితే చాలు, కారు గోడకు తగులుతుంది. అప్పుడు నలుగురూ చెప్పే సలహా ఒకటే: కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనమని. వేల రూపాయల ఆ ఖర్చు అన్నిసార్లూ ఫలితమివ్వదు. ఎందుకు ఇవ్వదో ఈ యంత్రాల చరిత్ర చెబుతుంది.

ఒకే ప్రాసెసర్ మీద రెండు పనులు

1974లో అటారీ సంస్థ తెచ్చిన గ్రాన్ ట్రాక్ 10 ఆటకు స్టీరింగు, గేరు, పెడళ్లు ఉన్నాయి కాని లోపల మైక్రోప్రాసెసర్ లేదు. 1984లో జెఫ్ క్రామండ్ బీబీసీ మైక్రో కంప్యూటరు కోసం రెవ్స్ అనే ఆటను రాశాడు. ఆ కంప్యూటరు మీకు పూర్తిగా పరాయిది కాదు. 1984-85లో మన దేశంలో పాఠశాలలకు కంప్యూటర్ విద్యను పరిచయం చేసిన క్లాస్ పథకం కింద ఎంపికైన బడులకు చేరినదీ అదే. దాని ప్రాసెసర్ వేగం 2 మెగాహెర్ట్జ్, జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు. కారు కదలికను లెక్కకట్టడం, దారిని తెర మీద గీయడం అనే రెండు పనులూ ఆ ఒక్క ప్రాసెసరే చేయాలి. ఒకదానికి ఎక్కువ సమయమిస్తే రెండవదానికి తగ్గుతుంది.

క్రామండే రూపొందించిన గ్రాండ్ ప్రి 2 (1996) ఈ ఇబ్బందిని దాచలేదు. ప్రాసెసర్ మీద ఎంత శాతం భారం పడుతున్నదో తెర మీదనే చూపింది. అది 100 దాటితే ఆటలోని కాలమే మందగించేది. అప్పుడు ఆడేవారు అద్దాలలో కనిపించే వివరాలను, దారి పక్కన దృశ్యాలను తగ్గించుకొనేవారు.

పని విభజన

1996లోనే త్రీడీఎఫ్ఎక్స్ సంస్థ వూడూ కార్డు వచ్చి బొమ్మలో రంగులు నింపే పనిని తీసుకొంది. 1999లో ఎన్విడియా జీఫోర్స్ 256 ఆకారాల లెక్కలను, వెలుతురు లెక్కలను కూడా తీసుకొంది. కాని టైరు పట్టు, సస్పెన్షన్, బరువు మార్పు వంటి లెక్కలు నేటికీ ప్రధానంగా ప్రాసెసర్ వద్దనే ఉన్నాయి. దీనికి కారణం ఉంది. తెర మీది ఒక చుక్క రంగును లెక్కించడానికి పక్క చుక్క కోసం ఆగనక్కరలేదు. కనుక ఆ పనిని వేల భాగాలుగా పంచవచ్చు. కారు ఈ క్షణంలో ఎక్కడుందో తెలియాలంటే మాత్రం గత క్షణం లెక్క పూర్తికావాలి. దానిని అలా పంచలేము.

మీ ముందున్న సెట్టింగులు

చెరువులో నీళ్లెన్ని ఉన్నా పొలానికి పారేది తూము వదిలినంతే. ముందుగా మీ కంప్యూటరులో ఇరుకు తూము ఏదో కనిపెట్టండి. రిజల్యూషన్ బాగా తగ్గించి అదే ట్రాకు మీద అవే కార్లతో మళ్లీ నడపండి. వేగం పెరిగితే భారం గ్రాఫిక్స్ కార్డు మీద ఉన్నట్లు. పెరగకపోతే ప్రాసెసర్ మీద ఉన్నదని అనుకోవచ్చు.

ప్రాసెసర్ భారమైతే ఎదుటి కార్ల సంఖ్యను, అద్దాలను, నీడలను తగ్గించండి. గ్రాఫిక్స్ భారమైతే రిజల్యూషన్‌ను, అంచులను నునుపుచేసే యాంటీ అలియాసింగ్‌ను, ప్రతిబింబాలను తగ్గించండి. ఒకసారికి ఒక్క మార్పే చేసి ఫలితం రాసుకోండి. నాలుగు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తేలదు.

సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కొక్కదానికి దాదాపు 16.7 మిల్లీసెకన్లు. 90కీ 50కీ మధ్య ఊగే వేగం కంటె, మీ యంత్రం ఎప్పుడూ అందుకోగల ఒక పరిమితి వద్ద నిలిపిన వేగం చేతికి నమ్మకమిస్తుంది.

మన సీమలో ఎండాకాలం మరొక విషయం గమనించాలి. వేడి హద్దు మీరితే ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకొంటుంది. ఉదయం సాఫీగా నడిచిన ఆట మధ్యాహ్నం తడబడితే, సెట్టింగులు ముట్టుకోక ముందు ఫ్యానులో దుమ్ము తుడిచి, గాలి ఆడేచోట పెట్టి చూడండి.

సారాంశం

సెట్టింగుల పుటలోని ఒక్కొక్క మీట వెనుక, ఏ పని ఎవరు చేయాలన్న పాత పంపకం ఉంది. వాస్తవమైన కదలిక కావాలా, అందమైన బొమ్మ కావాలా అన్న బేరం 1984లో ఉన్నది, నేడూ ఉన్నది. సాధన కోసం నడిపేవారు కదలికను కాపాడుకొని, బొమ్మ అందాన్ని వదులుకోవడమే మేలు. కొనుగోలు నిర్ణయం పరీక్ష తరువాతనే రావాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. గ్రాండ్ ప్రి 2లో ప్రాసెసర్ భారం 100 శాతం దాటితే ఏమి జరిగేది?
2. బొమ్మ గీసే పని గ్రాఫిక్స్ కార్డుకు మారినా, కారు కదలిక లెక్క ప్రాసెసర్ వద్దనే ఎందుకు మిగిలింది?
3. రిజల్యూషన్ తగ్గించినా వేగం పెరగని కంప్యూటరుకు మీరు సూచించే మార్పులేవి? కారణాలతో రాయండి.