స్టూవర్టుపురం జోక్ వెనక ఉన్న చరిత్ర



కాలేజీ గ్రూపుల్లో ఎవరో ఒకరు "స్టూవర్టుపురం బ్యాచ్" అని మీమ్ పెడతారు. కొందరు నవ్వుతారు. ఎక్కువమంది చూసి వదిలేస్తారు, మనవాళ్లతో సహా. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే అలా వదిలేయలేం.

1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. మనిషి చేసిన పనిని కాదు, పుట్టుకను చూసి నేరస్థుడు అన్నారు. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. అంతకుముందు ఎరుకల వాళ్లు పశువుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగి వ్యాపారం చేసేవాళ్లు. రైళ్లొచ్చాయి, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది, ఆ బేరం కూలిపోయింది. బతుకుతెరువు పోయి తిరుగుతున్న వాళ్లని దొంగలని రిజిస్టర్లో రాశారు, వేలిముద్రలు తీసుకున్నారు. బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్‌మెంటే స్టూవర్టుపురం. ఆ పేరు కూడా ఒక తెల్లదొరదే.

1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టం రద్దయింది. ముద్ర మాత్రం పోలేదు. పోలీసు రికార్డు నుంచి పేపర్లోకి, పేపర్ నుంచి సినిమాలోకి, ఇప్పుడు ఫోన్లోకి వచ్చింది. 2023లో ఒక సినిమా టీజర్ ఎరుకల జాతిని కించపరుస్తోందని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది.

ఇన్నేళ్లు ముద్ర నిలబడటానికి వేసినవాళ్లు ఒక్కరే కారణం కాదు. పక్కనుండి "మనకెందుకులే" అనుకున్నవాళ్లూ కారణమే. గ్రూపులో మన మౌనాన్ని తిట్టినవాడు ఒప్పుకోలు అనుకుంటాడు. తిట్లు తిన్నవాడూ అలాగే అనుకుంటాడు.

చట్టం మనవైపు ఉంది. అట్రాసిటీ చట్టం రాతల్లో ద్వేషం రెచ్చగొట్టడాన్ని కూడా నేరం అంటుంది. 2022లో కేరళ హైకోర్టు ఒక ఆదివాసీ మహిళపై పెట్టిన వీడియో కేసులో, ఆమె ఎదురుగా లేకపోయినా, ఎవరు ఆ వీడియో చూసినా ఆమె అక్కడ ఉన్నట్టే లెక్క అంది.

కాబట్టి ఇలాంటి పోస్టు కనబడితే తేదీ, లింకు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. తిట్టడానికైనా సరే షేర్ చేయకండి, అది ఇంకా పాకుతుంది. రిపోర్ట్ కొట్టండి. తిట్లు పడ్డ తమ్ముడికో చెల్లికో "నేనున్నా" అని మెసేజ్ పెట్టండి. హాస్టళ్లలో వారానికి ఒక వార్తో, ఒక వీడియోనో ముందు పెట్టుకుని ఇది ఎవరు చేశారు, ఎవరికి లాభం, మన మాట ఇందులో ఎక్కడుంది అని జూనియర్లతో చర్చించండి.

మన గురించి రిజిస్టర్ రాసినప్పుడు మన తాతలకి అక్షరం రాదు. మనకి వచ్చు.